సర్వేకి వచ్చి, స్తూపాన్ని కాగితమెక్కించాడు

చదివింది ఒకటి, దొరికిన ఉద్యోగం ఇంకొకటి అని దిగులుపడుతున్నారా? అయితే కోలిన్ మెకంజీ గురించి చదవండి.

స్కాట్లాండ్‌లోని స్టోర్నోవే అనే రేవు ఊళ్లో 1754లో పుట్టాడు. అక్కడే కస్టమ్స్‌లో పనిచేశాడు. 1783లో ముప్పై ఏళ్లకు దగ్గరపడుతుండగా ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరి ఇంజనీరయ్యాడు. తొలి ఏళ్లలో పనిచేసిన చోట్లలో మన నెల్లూరూ ఉంది. తోటపల్లి గూడూరులో కూర్చుని ఇది రాస్తున్న నాకు ఆ సంగతి భలే నచ్చింది.

ఉద్యోగం సర్వే. కానీ కనిపించిన ప్రతి శాసనం, నాణెం గురించి ఆరా తీసేవాడు. చిక్కేమిటంటే, తెలుగు రాదు. రాదని ఒప్పుకుని, వచ్చినవాళ్లను పనిలో పెట్టుకున్నాడు. వాళ్లలో ముఖ్యుడు కావలి వెంకట బొర్రయ్య. (కావలి ఇంటిపేరే. మన కావలి కాదు, ఆయనది ఏలూరు.) పాత శాసనాల లిపి విప్పి చదివిన ఈ కుర్రాడు 1803లో, ఇరవైల్లోనే చనిపోయాడు. పనిని సోదరుడు లక్ష్మయ్య అందుకున్నాడు.

ఇక అసలు కథ. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్న రోజులవి. రాళ్ల కోసం తవ్విన దిబ్బలో శిల్పాలు చెక్కిన పలకలు బయటపడ్డాయని విని, మెకంజీ 1798లో వెళ్లి చూశాడు. ఎక్కువ రోజులు ఉండే వీల్లేకపోయింది. తర్వాత మైసూరు సర్వేకే ఏళ్లకేళ్లు పట్టింది. 1816లో తిరిగొచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. పలకలు చాలావరకు మెట్లకీ గోడలకీ పోయాయి.

ఈసారి ఆలస్యం చెయ్యలేదు. సహాయకులతో స్తూపాన్ని కొలిపించి, మిగిలిన శిల్పాల బొమ్మలు గీయించాడు. తమాషా ఏమిటంటే, అది జైనులదనుకున్నాడు! బౌద్ధ స్తూపమని తర్వాత తేలింది. పట్టుదారిలోని దున్‌హువాంగ్ బౌద్ధ గుహలకు ఆరెల్ స్టెయిన్ వెళ్లడానికి దాదాపు వందేళ్ల ముందు సంగతి ఇది. అక్కడ గుహలైనా నిలిచాయి. అమరావతిలో కొన్ని పలకలు ఇప్పుడు మెకంజీ బొమ్మల్లో తప్ప ఎక్కడా లేవు.

1815లోనే దేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయిన ఆయన 1821లో కలకత్తాలో పోయాడు. భార్య దగ్గర ఆ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొంది. అందులో 8,076 శాసనాల నకళ్లతోపాటు ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులూ ఉన్నాయి. మీ ఊరిది ఉందేమో వెతకండి.