కాశీకి సెలవు పెట్టి వెళ్లిన దుబాసీ

దసరా సెలవులు దగ్గరపడ్డాయి. మీలో కొందరు అరకు రైలుకు టికెట్లు చూసుకుంటూ ఉంటారు. కొందరు పైడితల్లమ్మ సిరిమానుకు విజయనగరం వెళ్లే ఏర్పాట్లలో ఉంటారు. ఈసారి ఎక్కడికీ వద్దు, పిల్లలు మిగిలిపోయిన పాఠాలు పూర్తి చేస్తే చాలు అనుకునేవారూ ఉన్నారు. ముగ్గురికీ ఈ నెల ఒకాయనను పరిచయం చేస్తున్నాం. పేరు ఏనుగుల వీరాస్వామయ్య. సుమారు రెండువందల ఏళ్ల క్రితం కాశీ వెళ్లి, మన శ్రీకాకుళం, విశాఖపట్నం సీమల మీదుగా ఇల్లు చేరిన మనిషి.

ఆయన 1780 ప్రాంతంలో మద్రాసులో పుట్టారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. పన్నెండేళ్లకే ఈస్టిండియా కంపెనీ వారి కార్యాలయంలో జీతం లేకుండా పని నేర్చుకోవడానికి చేరారు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, సంస్కృతం వచ్చు. ఆ భాషలే ఆయనకు అన్నం పెట్టాయి. చిన్న ఉద్యోగాలతో మొదలుపెట్టి, చివరకు మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ అయ్యారు. అప్పటి మాటలో చెప్పాలంటే పెద్ద దుబాసీ. సాక్షి చెప్పింది దొరకు, దొర అడిగింది సాక్షికి, ఒక్క మాట పొల్లుపోకుండా అందించడమే ఆయన పని.

యాభయ్యో పడిలో అడుగుపెడుతున్న వేళ ఆయన కోర్టుకు సెలవు పెట్టారు. ఆదివారం కలిపి మూడు రోజులు సెలవు దొరికితేనే మనం సంబరపడతాం. ఆయన ప్రయాణానికి పట్టింది పదిహేను నెలల పైమాట! 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని జనం అనుకునే కాలమది. దారిలో జ్వరాలు, దొంగలు, వంతెనలు లేని నదులు. అయినా తల్లిని, భార్యను వెంటబెట్టుకుని వెళ్లారు.

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ. తిరుగుదారిలో పాట్నా, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం. పటం తెరిచి మీ పిల్లలతో వేలు పెట్టించి చూడండి. భారతదేశంలో సగం చుట్టి వచ్చినట్టు ఉంటుంది. అప్పటికి మన దేశంలో ప్రయాణికుల రైలు లేదు. అది 1853లో గానీ రాలేదు.

మరి ఈ దూరమంతా ఎలా సాగింది? పల్లకీలో. అంటే బోయీల భుజాల మీద. వంటవాళ్లు, బరువులు మోసేవాళ్లు, నౌకర్లు అంతా కలిపి సుమారు వందమంది పరివారం. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఒకరి యాత్ర వెనుక అంతమంది నడక ఉంది. వీరాస్వామయ్య పేరు మనకు తెలుసు, పల్లకీ మోసిన వారి పేర్లు తెలియవు. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి కాదు ఈ మాట. సెలవుల్లో మనం దిగే హోటల్లో దుప్పట్లు మార్చే మనిషికీ, రాత్రంతా మేలుకుని కారు నడిపే డ్రైవరుకూ పండగ సెలవు ఉండదు కదా. పిల్లలకు ఆ మాట ఒకసారి గుర్తుచేస్తే బాగుంటుంది.

పుణ్యం కోసమే వెళ్లి ఉంటే ఆయన గురించి ఇంత చెప్పనక్కర్లేదు. ఎందరో వెళ్లారు, వచ్చారు. ఈయన మాత్రం దారిలో చూసినదంతా రాశారు. ఏ మజిలీలో మంచినీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ దారి చెడ్డది, ఎక్కడి మనుషులు ఏం తింటారు, ఏం మాట్లాడతారు, పాలన ఎలా ఉంది అన్నీ రాశారు. గుడి ముందు చేతులు జోడించిన మనిషే, గుడి బయటి బజారునూ అంతే శ్రద్ధగా చూశారు.

నిజానికి మన వైపు వారికి ఇది కొత్త సంగతి కాదు. ఉత్తరాంధ్రలో ఊరి జాతరను తీర్థం అంటాం. తీర్థానికి వెళ్లామంటే అమ్మవారి దర్శనం అయిందని, జీళ్లు కొన్నామని, రంగులరాట్నం ఎక్కామని, చాన్నాళ్లకు మేనత్తను చూశామని అన్నీ కలిపి అర్థం. భక్తి వేరు, సరదా వేరు అని మన పెద్దలు గీత గీయలేదు.

వేరుగా టికెట్టు కొని విహారానికి వెళ్లే పద్ధతి వీరాస్వామయ్య తిరిగొచ్చిన పదేళ్లకు ఇంగ్లండులో ఊపందుకుంది. 1841 జూలై 5న థామస్ కుక్ అనే ఆయన సుమారు 500 మందిని లీసెస్టరు నుంచి లాఫ్‌బరోకు రైల్లో తీసుకెళ్లారు. మనిషికి ఒక షిల్లింగు. మద్యపానానికి వ్యతిరేకంగా జరిగే సభకు జనాన్ని చేర్చడం ఆయన ఉద్దేశం. చివరకు అదే ప్రపంచమంతా తిప్పే ట్రావెల్ వ్యాపారమైంది. మన కొత్తవలస నుంచి కొండల మీదికి చీలే కిరండూల్ లైను కథా అలాంటిదే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు పంపడానికి 1960లలో వేసిన దారి అది. ఇప్పుడు అదే దారిలో అద్దాల పెట్టెల్లో కూర్చుని మనం సొరంగాలు లెక్కపెడుతున్నాం.

ఈ దసరాకు మీ పిల్లలు రైలెక్కితే ఫోను కాసేపు బ్యాగులో పెట్టించి, దాటిన స్టేషన్ల పేర్లు, తిన్న పదార్థం, దాని ధర, వినబడిన భాష ఒక నోటుబుక్కులో రాయించి చూడండి. ఇది హోంవర్కు కాదు, మార్కులు ఉండవు. ఊరు దాటకపోయినా పరవాలేదు. సిరిమాను చూసి వచ్చినా రాయడానికి బోలెడు ఉంటుంది. రాసింది ఊళ్లో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో పంపించండి. చదివేవారు ఎదురుచూస్తున్నారని తెలిస్తే పిల్లల కన్ను చురుగ్గా పనిచేస్తుంది.

వీరాస్వామయ్యకూ అలా ఎదురుచూసిన స్నేహితుడు ఒకరున్నారు. ఆయన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై. దారి పొడుగునా రాసిన విశేషాలు ఆయనకే చేరేవి. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశారు. పిళ్ళై ఆ రాతలన్నీ కూర్చి 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చు వేయించారు. తెలుగులో అచ్చయిన తొలి యాత్రా గ్రంథాల్లో అదొకటి. తర్వాత 1941లో దిగవల్లి వేంకట శివరావు దాన్ని వివరాలతో మళ్లీ ప్రచురించారు. భాష పాతది కాబట్టి పిల్లలు ఒక్కరే చదవలేకపోవచ్చు. పక్కన కూర్చుని, మన జిల్లాల మీదుగా సాగిన చివరి భాగం నుంచి మొదలుపెట్టండి.