చార్లెస్ అగస్టీన్ డి కూలుంబ్

చార్లెస్ అగస్టీన్ డి కూలుంబ్ (1736 జూన్ 14 - 1806 ఆగస్టు 23) ఫ్రాన్స్ దేశానికి చెందిన సైనిక ఇంజనీరు, భౌతిక శాస్త్రవేత్త. విద్యుదావేశాల మధ్య గల బలాన్ని తెలిపే విలోమ వర్గ నియమం ఈయన పేరుతోనే ప్రసిద్ధి చెందింది. అయితే ఆ నియమానికి దారితీసిన పరిశోధన విద్యుత్తుతో కాక, దిక్సూచిలోని అయస్కాంత సూదితో ప్రారంభమైనది.

జీవిత విశేషాలు

కూలుంబ్ అంగులేమ్ పట్టణంలో జన్మించాడు. పారిస్‌లో చదివే రోజులలో గణితంపై మక్కువ ఏర్పడింది. గణితమే తన మార్గమని పట్టుబట్టడంతో తల్లితో విభేదం వచ్చి, మోంపెల్యేలో ఉన్న తండ్రి వద్దకు చేరాడు. 1760లో మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగు పాఠశాలలో చేరి, మరుసటి సంవత్సరం చదువు ముగించాడు. 1764లో ఈయనను కరిబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవికి పంపారు. అక్కడ బూర్బన్ కోట నిర్మాణాన్ని పర్యవేక్షిస్తూ 1772 వరకు ఉన్నాడు. పలుమార్లు తీవ్రంగా జబ్బుపడటం వలన ఆరోగ్యం దెబ్బతిన్నది.

దిక్సూచి సమస్య

సముద్రయానం దిక్సూచిపై ఆధారపడిన ఆ కాలంలో, మేలైన అయస్కాంత సూదుల తయారీపై పారిస్ శాస్త్ర అకాడమీ పోటీ ప్రకటించింది. సూది చూపే దిశ ప్రతిదినమూ అతి స్వల్పంగా మారుతుంది. ఆ మార్పును కొలవాలంటే సూది మొనపై తిరిగేటప్పుడు కలిగే ఘర్షణ అడ్డు వస్తుంది. సూది సరియైన దిశకు చేరకముందే ఆగిపోతుంది. కూలుంబ్ మొనను తొలగించి, సూదిని సన్నని పట్టుదారంతో వేలాడదీసే పద్ధతిని సూచించాడు. 1777లో బహుమతిని ఈయన, హాలెండుకు చెందిన వాన్ స్విండెన్ పంచుకున్నారు.

ఏకరీతి క్షేత్రంలో అయస్కాంత ద్విధ్రువం

కూలుంబ్ తర్కానికి మూలం ఇది. ఒక ప్రదేశంలో భూ అయస్కాంత క్షేత్రం దాదాపు ఏకరీతిగా ఉంటుంది, అనగా సూది పొడవునా దాని పరిమాణం గాని, దిశ గాని మారవు. అది ఉత్తర ధ్రువాన్ని ఒక దిశలో ఎంత బలంతో లాగుతుందో, దక్షిణ ధ్రువాన్ని వ్యతిరేక దిశలో అంతే బలంతో లాగుతుంది. కనుక ఫలిత బలం శూన్యం. ఉక్కు సూదిని అయస్కాంతంగా మార్చినా దాని బరువు పెరగదు. బెండుపై తేలే సూది ఉత్తరానికి తిరుగుతుందే గాని ఉత్తరపు గట్టుకు కొట్టుకుపోదు.

అయితే ఆ రెండు బలాలు ఒకే రేఖపై లేనప్పుడు బలయుగ్మంగా ఏర్పడి సూదిని తిప్పుతాయి. ఈ బలయుగ్మ భ్రామకం సూదికి, క్షేత్ర దిశకు మధ్య గల కోణపు సైన్ విలువకు అనులోమానుపాతంలో ఉంటుంది. 90 డిగ్రీల వద్ద అది గరిష్ఠం, 30 డిగ్రీల వద్ద అందులో సగం, 0 డిగ్రీల వద్ద శూన్యం. 180 డిగ్రీల వద్ద కూడా శూన్యమే, కాని అది అస్థిర సమతాస్థితి. ఏ మాత్రం కదిలించినా సూది తిరగబడుతుంది. కోణం చిన్నదైతే భ్రామకం కూడా చిన్నదే. ఘర్షణ అంతగా బాధించడానికి కారణమిదే.

విమోటన త్రాసు

వేలాడదీసిన దారం కూడా మెలిపడి కొంత ఎదురు తిరుగుతుంది. ఆ మెలి బలాన్ని కొలవబూనిన కూలుంబ్, 1784లో లోహపు తీగల విమోటన నియమాలను ప్రకటించాడు. ఆ తీగతోనే విమోటన త్రాసును నిర్మించి, 1785లో విద్యుద్బల నియమాన్ని నిరూపించాడు.

అయస్కాంత బలాన్ని కొలవడానికి సూది డోలనాలను కూడా వాడుకున్నాడు. చిన్న డోలనాలలో, నిర్ణీత కాలంలో జరిగే డోలనాల సంఖ్య వర్గం క్షేత్ర బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక చిన్న సూది భూ క్షేత్రంలో నిమిషానికి 15 డోలనాలు చేసింది. పొడవైన అయస్కాంతపు ధ్రువం 4 అంగుళాల దూరంలో ఉన్నప్పుడు 41, 8 అంగుళాల దూరంలో 24 డోలనాలు చేసింది. వర్గాల నుండి భూ క్షేత్రపు వాటాను తీసివేస్తే 1456, 351 మిగులుతాయి. దూరం రెట్టింపైతే బలం దాదాపు నాలుగవ వంతు అయినదన్నమాట.

చివరి దశ

1781లో ఘర్షణపై వ్రాసిన గ్రంథానికి బహుమతి, అకాడమీ సభ్యత్వం లభించాయి. 1783లో బ్రిటనీ ప్రాంతపు కాలువల, రేవుల పథకాలపై ప్రతికూల నివేదిక ఇచ్చిన వ్యవహారంలో కొద్దిరోజులు కారాగారంలో గడపవలసి వచ్చింది. ఫ్రెంచి విప్లవం ఉధృతమైనప్పుడు బ్లవా ప్రాంతంలోని తన ఎస్టేటుకు తరలిపోయాడు. 1802 నుండి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పనిచేసి, పారిస్‌లో మరణించాడు.

అయస్కాంతాన్ని విరిస్తే ప్రతి ముక్కకు రెండు ధ్రువాలు ఏర్పడటాన్ని బట్టి, ప్రతి అణువూ ఒక చిన్న అయస్కాంతమని ఈయన భావించాడు. విద్యుత్తుకు, అయస్కాంతత్వానికి సంబంధం లేదని కూడా నమ్మాడు. ఆ సంబంధాన్ని 1820లో అయిర్‌స్టెడ్ కనుగొన్నాడు. 1881లో విద్యుదావేశపు ప్రమాణానికి కూలుంబ్ పేరు పెట్టారు. ఈఫిల్ టవర్‌పై చెక్కిన 72 మంది పేర్లలో ఈయనది ఒకటి.