నల్ల చతురస్రపు చిత్రకారుడు కజిమీర్ మలేవిచ్

సరళ రేఖాగణిత ఆకృతులకు చిత్రకళలో స్వతంత్ర ప్రతిపత్తి కల్పించిన కళాకారులలో కజిమీర్ మలేవిచ్ అగ్రగణ్యులు. ఆయన 1879లో కీవ్ నగరంలో పోలిష్ కుటుంబంలో జన్మించారు. తండ్రి చక్కెర కర్మాగారాలలో ఉద్యోగి కావడంతో బాల్యం ఉక్రెయిన్ పల్లెలలో గడిచింది. యువకునిగా కుర్‌స్క్ పట్టణంలోని రైల్వే కార్యాలయంలో నక్షాలు గీసే ఉద్యోగం చేస్తూ చిత్రకళను సాధన చేశారు.

1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో జరిగిన చిత్రకళా ప్రదర్శన ఆయన జీవితంలో కీలక ఘట్టం. తెల్లని నేపథ్యంపై ఒకే ఒక్క నల్ల చతురస్రాన్ని చిత్రించి, దానిని గది మూలన, పైకప్పుకు చేరువలో అమర్చారు. రష్యన్ గృహాలలో పూజనీయమైన పవిత్ర చిత్రపటాలకు కేటాయించే స్థానమది. మన ఇళ్లలో దేవుని గూడు వంటిది. సహజంగానే విమర్శకులు మండిపడ్డారు. సుమారు 80 సెంటీమీటర్ల భుజం గల ఆ చతురస్రాన్ని నిశితంగా పరిశీలిస్తే అంచులు కచ్చితమైన సమాంతర రేఖలు కావని తెలుస్తుంది. కొలబద్దకు లొంగని ఆ స్వల్పమైన వంపే చిత్రానికి చలనాన్నిచ్చింది. చతురస్రం నుండి వృత్తం, శిలువ, దీర్ఘచతురస్రం వెలువడతాయని భావించి, ఈ మార్గానికి సుప్రీమటిజం అని నామకరణం చేశారు. 1918లో తెలుపుపై తెల్ల చతురస్రాన్ని సైతం చిత్రించారు.

విప్లవానంతరం వీటెబ్‌స్క్‌లో అధ్యాపకులుగాను, తదుపరి లెనిన్‌గ్రాడ్‌లో కళా సంస్కృతి సంస్థ అధిపతిగాను సేవలందించారు. 1926లో ఆ సంస్థ మూతపడింది. 1927లో బెర్లిన్ వెళ్లిన ఆయన, స్వదేశానికి తిరిగి వస్తూ తన చిత్రాలను అక్కడే విడిచి వచ్చారు. ఆ ముందుచూపు ఫలించింది. వాటిలో అనేకం 1958లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంకు చేరాయి. 1930లో ఆయనను నిర్బంధించి విచారించారు. ప్రభుత్వాదరణ వాస్తవిక చిత్రణకే పరిమితమైన ఆ కాలంలో ఆయన మానవాకృతులను చిత్రించారు. అయినప్పటికీ, 1933 నాటి స్వీయ చిత్రపటం అడుగున సంతకానికి బదులు చిన్న నల్ల చతురస్రాన్నే ఉంచారు.

1935 మే 15న క్యాన్సర్ వ్యాధితో లెనిన్‌గ్రాడ్‌లో కన్నుమూశారు. అంతిమయాత్ర వాహనంపైనా, మాస్కో సమీపంలోని నెమ్చినోవ్కా వద్ద సమాధిపైనా నల్ల చతురస్రాన్నే నిలిపారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ సమాధి ఆనవాళ్లు కోల్పోయింది. దశాబ్దాల పాటు భాండాగారానికే పరిమితమైన 1915 నాటి చిత్రం 1980వ దశకంలో తిరిగి ప్రజల ముందుకు వచ్చింది. మాస్కో ట్రెట్యాకోవ్ గ్యాలరీ నిపుణులు ఎక్స్‌రే సాయంతో పరీక్షించి, ఆ నలుపు రంగు పొర కింద మరో రెండు వర్ణచిత్రాలు ఉన్నట్లు 2015లో వెల్లడించారు.