ఎక్స్-రేకు హద్దు గీసిన దంతవైద్యుడు

1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలు కనిపెట్టాడు. ఏడాది తిరక్కుండానే లోకమంతా వాటి వెర్రిలో పడింది. తమ చేతి ఎముకలు తామే చూసుకుని జనం మురిసిపోయారు. ఆ సంబరంలో కాస్త ఆగమన్న కొద్దిమందిలో విలియం హెర్బర్ట్ రాలిన్స్ ముఖ్యుడు.

ఆయన 1852లో జన్మించాడు. హార్వర్డ్‌లో చదివి బోస్టన్‌లో దంతవైద్యుడుగా స్థిరపడ్డాడు. పరికరాలు చేయడమంటే సరదా. 1898లో ట్యూబు దగ్గర పనిచేస్తూండగా చెయ్యి కాలింది. మరొకరైతే మందు రాసుకుని ఊరుకునేవారే! ఈయన కారణం వెతికాడు.

తప్పంతా విద్యుత్తుదేనని వాదించేవాళ్ళు అప్పట్లో చాలామంది. అందుకని 1901లో గినీ పందులను భూమికి కలిపిన లోహపు పెట్టెలో ఉంచి, రోజుకు రెండు గంటలు కిరణాలు పంపాడు. విద్యుత్తు లోపలికి రాదు, కిరణాలే వస్తాయన్నమాట. రెండు వారాలు నిండకుండానే అవి చచ్చాయి. ఒంటిమీద కాలిన గుర్తే లేదు! మరో ప్రయోగంలో తల్లి కడుపులోని పిల్ల చచ్చింది.

ట్యూబును కిరణాలు చొరని పెట్టెలో బిగించి, కావలసినంత కన్నమే వదలమన్నాడు. చూసేవాడికి రక్షణ కళ్ళద్దాలు ఉండాలి. రోగికి అవసరమైన చోటు తప్ప మిగిలింది కప్పాలి. ఫోటో ప్లేటు ఏడు నిమిషాలుంచినా మసకబారకపోతే ఆ చోట భయం లేదన్నది 1902లో ఆయన చెప్పిన పరీక్ష.

ఎవరు విన్నారు గనుక? న్యూ ఆర్లియన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ ట్యూబు సరిచూసుకోవడానికి ఏళ్ళ తరబడి తన చెయ్యే అడ్డు పెట్టాడు. వేళ్ళూ, తర్వాత చెయ్యీ పోగొట్టుకుని 1928లో ప్రాణం తీసుకున్నాడు. మరుసటి ఏడు రాలిన్స్ కన్నుమూశాడు.

ఆయన పిల్లల వైద్యుడేమీ కాదు. అయినా ఆయన మాట ఎక్కువగా అక్కరకొచ్చేది పిల్లలకే. ఎదిగే ఒంటికి కిరణాల దెబ్బ ఎక్కువ. అది బయటపడడానికి ముందు బోలెడంత ఆయుష్షూ ఉంటుంది. ఒక పంటి ఎక్స్-రే మోతాదు స్వల్పమే. భయపడి అవసరమైనది మానెయ్యడమూ తప్పే. కాని పెద్దవాళ్ళకు పెట్టిన టైమునే పసివాడికీ పెట్టడమెందుకు? వేగమైన ఫిల్మో, డిజిటల్ సెన్సరో వాడవచ్చు. గుండ్రటి గొట్టానికి బదులు ఫిల్ము కొలతకు దగ్గరగా దీర్ఘచతురస్రపు ద్వారం పెడితే మోతాదు సగం దాకా తగ్గుతుంది.

తమాషా ఏమిటంటే, కప్పమన్న సలహాను 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పక్కన పెట్టింది. కిరణాన్ని సరిగ్గా కట్టడి చేస్తే సీసపు ఏప్రనూ, మెడపట్టీ మామూలుగా అక్కర్లేదంది. కన్నం చిన్నది చెయ్యమన్న సలహా మాత్రం నూరేళ్ళు దాటినా ఇంకా అన్ని క్లినిక్కులకూ చేరలేదు.