చేయి వదలని గురువు

అన్నవరంలో గాని, రాజమండ్రి పేటల్లో గాని బడి మానేసి గొడవల్లో తిరిగే కుర్రాణ్ణి చూస్తే 'వీడింతే' అని తేల్చేస్తాం. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు బాల్యం తెలిస్తే మనం అలా అనలేం.

ఆయన 1872లో ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళకే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. మూడు రూపాయల పరీక్ష ఫీజు కోసం తన పట్టుచీర తాకట్టు పెట్టారు.

ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు రాజమండ్రికి మారుతూ ఆ కుర్రాణ్ణి వెంట తీసుకెళ్ళారు. అక్కడ నాటకాల మోజుతో పాటు రౌడీల సావాసం, వీధి కొట్లాటలు అంటుకున్నాయి. పేదరికంలో పెరిగి, తండ్రి నీడ లేని పిల్లవాడికి ఆ వయసులో గుంపే ఇల్లనిపిస్తుంది, కండబలమే గౌరవమనిపిస్తుంది. నాయుడు గారు మాత్రం అతణ్ణి వదిలేయలేదు. మద్రాసు పంపి న్యాయవాద విద్య చదివించారు.

ఆ ప్రకాశమే రాజమండ్రిలో పేరున్న వకీలై, ఆ పట్టణ మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో తుపాకికి రొమ్ము చూపారు. తెగువ చిన్ననాటిదే, దారి మారిందంతే. 1953లో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957లో కన్నుమూశారు.

మన వీధిలోని యతీం బిడ్డకు బడి ఫీజు కట్టేవారు, పొద్దుపోయాక ఎక్కడున్నావని అడిగేవారు ఒక్కరుంటే బతుకు దారిన పడవచ్చు. ఆ ఒక్కరం మనమే ఎందుకు కాకూడదు?