సర్ హంఫ్రీ డేవీ చరిత్రము

మన కర్నూలు, కడప మండలములకు సముద్రము దూరము. అయినను రాగిపాత్రలో చింతపండు పులుసు నిలువయుంచినచో చిలుము పుట్టునని మన యిండ్లలో నెరుగనివారు లేరు. అందులకే మన పెద్దలు పాత్రలకు కళాయి పూయించెడివారు. సముద్రపు ఉప్పునీట రాగికి కలుగు కీడును మాన్పబూని, ప్రయోగశాలలో గెలిచి, సముద్రముపై నోడిన యొక శాస్త్రజ్ఞుని చరిత్రము నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

హంఫ్రీ డేవీ 1778 డిసెంబరు 17వ తేదీన ఇంగ్లండునందలి పెంజాన్స్ అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి కొయ్యచెక్కడపు పనివాడు. ఆయన 1794లో అప్పులు మిగిల్చి గతించెను. మరుసటి యేట డేవీ యొక వైద్యునియొద్ద పని నేర్చుకొన జేరి, తీరికవేళల రసాయనశాస్త్రమును స్వయముగా నభ్యసించెను. 1807లో విద్యుత్ప్రవాహముచే పొటాసియము, సోడియము అను లోహములను వేరుపరచెను. 1812లో సర్ అను బిరుదమును బడసెను. 1815లో బొగ్గుగనుల పనివాండ్రకై అపాయము తగ్గించు దీపమును నిర్మించెను. 1820లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను.

ఆ కాలమున నావలు కొయ్యవి. పురుగులు తొలువకుండను, గుల్లలును నాచును పట్టకుండను వాని యడుగున రాగిరేకులు తాపించెడివారు. ఉప్పునీరు ఆ రేకులను తినివేయుచుండెను. 1823లో నౌకాదళాధికారులు రాయల్ సొసైటీని ఉపాయమడిగిరి. రెండు లోహములు తాకుచు ఉప్పునీట నున్నపుడు విద్యుచ్ఛక్తి పుట్టి, ఒకటి క్షయించుచు రెండవదానిని కాపాడునని డేవీ గ్రహించెను. కొలదిపాటి ఇనుమునో తుత్తునాగమునో చేర్చి పరీక్షింపగా రాగి చెడకుండెను. మన దేశమున కొచ్చిన్‌లో టేకుతో కట్టబడిన సమరంగ్ అను యుద్ధనౌకకు 1824లో ఇనుపదిమ్మలు బిగించిరి. ఆ యినుము రాగి వైశాల్యములో ఇంచుమించు 80వ వంతు మాత్రమే.

కాని రాగి కొంచెము కొంచెముగా కరగుటచేతనే నావకు గుల్లలు పట్టకుండెను. కరగుట మానగానే పెక్కు నావల యడుగు గుల్లలతోను నాచుతోను నిండి, నడక మందగించెను. 1825లో నౌకాదళమువారు సముద్రయానము చేయు నావలనుండి ఆ రక్షణలను తీసివేయుడని యుత్తరువు చేసిరి. డేవీ నిందల పాలయ్యెను. ఆరోగ్యము చెడి, 1827లో అధ్యక్షపదవిని విడిచి, 1829 మే 29వ తేదీన జెనీవాలో మరణించెను.

1832లో బర్మింగ్‌హాము వాసి మంట్జ్ 60 పాళ్లు రాగియు 40 పాళ్లు తుత్తునాగమును గల పచ్చలోహమును నావలకై రూపొందించెను. అది రాగికంటె చవుక. గుల్లలను తొలగించుటకు చాలినంత రాగిని మాత్రము విడుచుచు చిరకాలము నిలిచెను. తరువాత ఉక్కునావలు వచ్చెను. గుల్లలను వారించుటకు రంగులు వేరుగా నేర్పడగా, త్రుప్పును వారించుటకు డేవీ సూత్రమే మరల పనికివచ్చెను. నేడు ఉక్కునావల యడుగున తుత్తునాగపు దిమ్మలనో అల్యూమినియపు మిశ్రలోహపు దిమ్మలనో బిగింతురు. అవి తాము క్షయించి నావను కాపాడును. మన విశాఖపట్టణపు రేవుకు వచ్చు ఉక్కునావలకును ఇదియే రక్ష.

విద్యార్థులారా! డేవీ సూత్రము తప్పు కాదు. అది కోరిన లోహము ఉక్కు. ఆయనకు దొరికిన నావ రాగిది. ఒకచోట నోడిన సత్యమును పారవేయక, దానికి తగిన తావును వెదకుట శాస్త్రాభ్యాసులకు కర్తవ్యమని మేము తలంచుచున్నాము.