ముఖలింగం రాళ్ళు చదివిన మేష్టారు

చోడవరం అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేవి చెరకు తోటలు, గోవాడ పంచదార ఫ్యాక్టరీ, స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి. ఇదివరకు విశాఖపట్టణం జిల్లాలో, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ ఊరికి ఇంకొక జ్ఞాపకం కూడా ఉంది. అది మనకెవరూ చెప్పలేదు. 1875లో ఇక్కడ ఒక చిన్న రెవెన్యూ ఉద్యోగి విషజ్వరంతో కన్నుమూసేరు. ఆయన పేరు గిడుగు వీర్రాజు. ముఖలింగం దగ్గర పర్వతాలపేట ఠాణాలో సముద్దారుగా పనిచేస్తూ చోడవరానికి బదిలీ అయి వచ్చిన మనిషి. కొడుకు రామమూర్తికి అప్పటికి పన్నెండేళ్ళయినా నిండేయో లేదో. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టిన ఆ కుర్రాడే తర్వాత కాలంలో వాడుక భాషా పిడుగు అనిపించుకున్న గిడుగు రామమూర్తి పంతులు.

తండ్రి పోయాక మేనమామ గారి ప్రాపున చదువు సాగింది. విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు హైస్కూల్లో చేరి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యేరు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే తరగతి గదిలో కూర్చుని లేచేరు గానీ, ముందు ముందు తెలుగు వచనం దారి మళ్ళించబోతున్నామని వాళ్ళకి మాత్రం ఏం తెలుసు! పెళ్ళి కూడా ఆ ఏడే జరిగిపోయింది. మరుసటి ఏడు, 1880లో, పర్లాకిమిడి గజపతి రాజావారి స్కూల్లో ఉద్యోగం. చెప్పవలసినది ఒకటో ఫారానికి చరిత్ర. నెలకి ముప్పై రూపాయలు జీతం. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆ తరువాత చరిత్ర ముఖ్య విషయంగా బి.ఏ. పూర్తి చేసేసరికి 1896 వచ్చింది. అంటే పదహారేళ్ళు పట్టిందన్నమాట. మూడేళ్ళలో డిగ్రీ కాగితం చేత పట్టుకుని ఇంటికెళ్ళే మనం ఈ లెక్క ఒకసారి వేసుకోవచ్చు.

పంతులుగారి పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం అంటాం. ఉద్యమానికి చాలా ముందే ఆయన చేసిన పని ఒకటుంది. నా మటుకు నాకు తరువాతి కథంతా అందులోంచే మొలిచిందనిపిస్తుంది. చరిత్ర మేష్టారికి తన సొంత ఊరి పక్కనే చరిత్ర పడి ఉంది. వంశధార ఒడ్డున ముఖలింగంలో మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు అని మూడు గుళ్ళు. వాటి గోడల మీద, స్తంభాల మీద వందకి పైగా శాసనాలు. ఏటా శివరాత్రికి జనం వస్తారు, స్నానం చేస్తారు, దణ్ణం పెట్టుకుంటారు, వెళ్ళిపోతారు. ఆ గీతలేమిటో అడిగే నాథుడు లేడు. అడిగినా చెప్పే గురువు లేడు. పంతులుగారు పాత లిపి తనకి తానే నేర్చుకుని కూడబలుక్కుంటూ చదివేరు.

వాటిలో ఏముంది? యుద్ధాలూ వీరగాథలూ ఉంటాయని ఆశపడితే నిరాశే. ఎక్కువ భాగం దీపాల లెక్క. ఫలానా శక సంవత్సరంలో, ఫలానా రాజు ఏలుబడిలో, ఫలానా మనిషి దేవుడికి అఖండదీపం పెట్టించి, దానికింత అని మాడలిచ్చేడని. కానీ వరసగా చదివినవాడికి ఆ దీపాల వెలుగులోనే రాజుల కాలక్రమం, ఊళ్ళ పేర్లు, అధికారుల హోదాలు, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ నాటి తెలుగు మాట కనిపిస్తాయి.

అప్పటికి పండితుల్లో ఒక చిక్కుప్రశ్న ఉండేది. తూర్పు గాంగరాజుల రాగి శాసనాలు కళింగనగరం నుంచి వెలువడ్డాయి. ఆ నగరం ఎక్కడ? సముద్రపుటొడ్డున కళింగపట్నం ఉంది కదా, పేరు కూడా కలిసింది, అదే అన్నాడు ఫ్లీటు దొర. శాసనాల విషయంలో ఆయన మాట వేదవాక్కు. పర్లాకిమిడి స్కూలు మేష్టారు దానికి ఒప్పుకోలేదు. గాంగుల రాగి రేకుల్లో కామార్ణవుడనే రాజు ప్రస్తావన ఉంది. అతను నగరమనే ఊళ్ళో శివలింగానికి ఎత్తైన గుడి కట్టించి, మధూక వృక్షంలో పుట్టిన దేవుడు గనక మధుకేశుడని పేరు పెట్టేడట. మధూకం అంటే మన ఇప్పచెట్టు. ముఖలింగం గుడి శాసనాల్లో దేవుడి పేరూ మధుకేశ్వరుడే. పక్కనున్న పల్లె పేరు నగరికటకం. పంతులుగారు ఇవన్నీ ఒకచోట పేర్చి, కళింగనగరం ఇదేనని వాదిస్తూ ఇంగ్లీషులో వ్యాసాలు వ్రాసేరు. నడగాం రాగి శాసనాన్ని, శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుడిది, ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో పరిష్కరించి ప్రకటించేరు. తరువాతి చరిత్రకారుల్లో ఎక్కువమంది ఆయన మాటకే వచ్చేరు.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ముఖలింగం స్థలపురాణం అక్కడి ముసలమ్మనడిగినా చెబుతుంది. సవర నాయకుడు ఒకడు, అతనికి ఇద్దరు భార్యలు, ఇప్పచెట్టు రెండు కొమ్మలు, వాటి పువ్వుల కోసం సవతుల తగువు. కోపమొచ్చి నాయకుడు చెట్టు నరికితే మొదట్లోంచి శివుడు ప్రత్యక్షమయ్యేడు. చదువుకున్నవాళ్ళు పుక్కిటి పురాణమని తీసిపారేసే కథ. తీరా రాగి రేకులో చూస్తే ఇప్పచెట్టు ఉండనే ఉంది! జనం నోట నిలిచినదీ, రాజు చెక్కించినదీ ఒక చోట కలిసేయి. మన దగ్గరా ఇలాంటిది లేకపోలేదు. అనకాపల్లి పక్క శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. 1907-08లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపి అది పెద్ద బౌద్ధక్షేత్రమని వెలికితీసేడు. కానీ బుద్ధుణ్ణి బొజ్జన్నగా పేరులో దాచుకుని, కనుమనాడు తీర్థం చేసుకుంటూ వచ్చింది చుట్టుపక్కల పల్లెల జనమే.

ఆ కథలోని సవరలు పంతులుగారికి కథలో మనుషులు కారు. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో బతికే మనుషులు. వారి భాష తెలుగు కుదురుది కాదు, ఒరియాదీ కాదు, ముండా కుటుంబానిది. దానికి అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకతనిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కేరు. పాఠ్యపుస్తకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, మేష్టర్ల జీతాలూ తానే ఇచ్చేరు. మేష్టారి జీతంలో మేష్టర్లకి జీతాలు! 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. కొండలు ఇంకొకటి కూడా ఇచ్చేయి, మలేరియా. మోతాదు మించిన క్వినైన్‌తో చెవుడు వచ్చేసింది. తండ్రిని చోడవరంలో తీసుకుపోయింది విషజ్వరం, కొడుకు చెవులు తీసుకుపోయింది చలిజ్వరం. మాటల్లోని ధ్వనిని పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినపడకపోవడం ఎలాంటిదో చెప్పడం నా తరం కాదు. అయినా పని ఆగలేదు. ముప్పై అయిదేళ్ళ శ్రమ ఫలితంగా సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసులో అచ్చయ్యేయి.

భాషోద్యమం సంగతి అందరికీ తెలిసినదే గనక క్లుప్తంగా చెబుతాను. 1907 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్సు దొర, బడిలో పుస్తకాల తెలుగుకీ బజారులో తెలుగుకీ ఇంత తేడా ఏమిటని ఆరా తీస్తే, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు అతనికి గురజాడనీ గిడుగునీ చూపించేరు. ఆ తరువాత పాతికేళ్ళూ యుద్ధమే. ఉద్యోగం నుంచి 1911లో విరమించుకుని పంతులుగారు పూర్తిగా ఇందులోకి దిగేరు. 1915లో గురజాడ పోయేరు. 1919లో వీరేశలింగం గారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది, ఆ ఏడే ఆయనా పోయేరు. పంతులుగారు తెలుగు అనే మాసపత్రిక పెట్టి ఒంటిచేత్తో నడిపేరు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు మాట్లాడేరు. ఎదుటివాళ్ళ ఆక్షేపణ చెవిని పడదు, కానీ ఏ పుస్తకంలో ఏ ప్రయోగం ఎక్కడుందో అంతా నోటికి వచ్చు. వాడుక మాట గ్రామ్యమని, నిన్న గాక మొన్న పుట్టిందని పండితులంటే, పాత శాసనాలూ తాళపత్రాల వచనమూ తీసి ముందు పెట్టేవారు. పాత వచనాన్ని పోగుచేసి 1933లో గద్యచింతామణి వెలువరించింది అందుకే. ముఖలింగం రాళ్ళ దగ్గర కూర్చున్న అలవాటే అక్కరకొచ్చింది. ఈ సావనీరులో మనం వ్రాసుకుంటున్న తెలుగు ఇలా ఉండడానికి ఆ అలవాటు కూడా ఒక కారణం.

1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి కళాప్రపూర్ణ వచ్చేయి. ఈ రెంటికీ నడుమ ఒక దెబ్బ తగిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి పోయింది. ఆ ప్రాంతం తెలుగువారితోనే ఉండాలని ఆయన గట్టిగా పోరాడేరు. కుదరలేదు. ఏ ఊళ్ళో యాభై ఆరేళ్ళు బతికేరో, ఏ ఇంట్లో సవర మాటలు ఒక్కొక్కటే వ్రాసుకున్నారో, ఆ ఊరూ ఆ ఇల్లూ అదేరోజు విడిచి రాజమండ్రి వచ్చేసేరు. అప్పటికి డెబ్బై రెండేళ్ళు. నిఘంటువు ఇంకా అచ్చు కాలేదు. ఆ పని ముగించుకుని, 1940 జనవరి 22న వెళ్ళిపోయేరు.